పండుగ ముందు పల్లె గుబులు

వరంగల్: పెత్రామాస పది రోజులుందనగానే మన ఊళ్లలో రెండు రకాల చూపులు కనిపిస్తాయి. ఒకటి పిల్లలది. గట్ల మీద గునుగు తెల్లబడిందా, గుట్ట కింద తంగేడు పూసిందా అని చూసుకుంటూ తిరుగుతారు. రెండోది ఇంటి పెద్దది. గోడకు వేలాడే క్యాలెండరు వంక ఒకసారి, చేనులో ఇంకా పగలని పత్తికాయ వంక ఒకసారి చూస్తాడు. పండుగ తేదీ వెనక్కు జరగదు. కాయ ముందుగా పగలదు. ఈ రెంటి నడుమ నలిగే మనిషి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు.

మూడో చూపు కూడా ఒకటుంది. అది ఇంటి ఇల్లాలిది. అది ఎవరి కంటా పడదు. ఎందుకంటే ఆమె అప్పటికే బూజు దులుపుతూనో, పాత బొంతలు ఉతుకుతూనో, వాకిలి అలుకుతూనో తల వంచుకుని ఉంటుంది.

పండుగంటే సంబరమని పుస్తకాల్లో రాస్తారు. సంబరమే, కాదనలేం. బతుకమ్మ తొమ్మిది రోజులు, ఆపైన దసరా, ఇరవై రోజులకు దీపావళి, ఆ తర్వాత సంక్రాంతి, రెండేళ్లకోసారి మేడారం జాతర. ఇవి లేకుంటే పల్లెలో ఏముంది? కానీ ఈ సంబరం కింద ఒక గుబులు ఉంటుందనీ, అది కొన్ని ఇళ్లలో నిద్రను, కొన్ని ఇళ్లలో మాటను, ఎక్కడో ఒక ఇంట్లో ప్రాణాన్ని కూడా తింటుందనీ పైకి చెప్పుకోం. పండుగ పూట ఏడుపు మాటలెందుకని నోరు కట్టేసుకుంటాం. అసలు చిక్కు అక్కడే మొదలవుతోందని ఈ విలేఖరికి తోస్తోంది.

మా ఇంటి సంగతే చెబుతాను. నా చిన్నతనంలో దసరా ముందు వారం రోజులు మా బాపు ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. చిన్న తప్పుకు పెద్ద దెబ్బ పడేది. చెయ్యి జారి ఇత్తడి చెంబు కింద పడేసినందుకు తిన్న దెబ్బ ఇప్పటికీ గుర్తుంది. బాపుకు పండుగంటే గిట్టదనుకునేవాళ్లం. ఆ వారమంతా ఆయన పొద్దున సావుకారి గడప తొక్కి, ఉత్త చేతులతో వచ్చి, మాపటికి ఇంకొకరి గడప తొక్కేవాడని మాకేం తెలుసు? నాకు పెళ్లయి, ఇద్దరు పిల్లలకు పండుగ బట్టలు తేవలసి వచ్చినప్పుడు గాని ఆ మౌనం అర్థం కాలేదు. ఆ ఏడు నేనూ వారం రోజులు మాట్లాడలేదు. "బాపుకు మనమీద కోపమొచ్చిందా అమ్మా?" అని నా కొడుకు తల్లిని అడిగాడట.

కాయ పగలకముందే కర్చు

మనది పత్తి నేల. మృగశిర వానలకు గింజ పెడతాం. విత్తనం, ఎరువు, మందు అన్నీ ఉద్దెర. కలుపు కూలీ మాత్రం చేతి నుంచి పోవాలి. వానాకాలం వరి కోతకు రావాలంటే దసరా దాటాలి. మిరప సంగతి సరేసరి, దాని పైసలు ఎండాకాలం మొదట్లో గాని కంటపడవు. అంటే ఏడాదిలో రైతు చేతిలో అన్నిటికంటే తక్కువ పైసలుండే నెలలోనే అన్నిటికంటే పెద్ద పండుగ వచ్చి కూర్చుంటుంది. 2017లో దసరా సెప్టెంబరు 30నే వచ్చింది. 2020లో అధిక మాసం పడడంతో అక్టోబరు 25 దాకా జరిగింది. ఆలస్యంగా వచ్చిన ఏడు ఒక ఏరుడు అయినా చేతికొస్తుంది. తొందరగా వచ్చిన ఏడు పూర్తిగా అప్పు మీదనే పండుగ. పంచాంగంలో ఈ తేడా ముందే కనబడుతుంది. ఉగాది నాడు పంతులు చెప్పే ఆదాయ వ్యయాలు చెవిన వేసుకుంటాం గాని, దసరా ఏ తేదీన పడిందో చూసుకుని అప్పుడే నాలుగు పైసలు పక్కన పెట్టుకునే వాళ్లు ఊరికి పది మంది కూడా ఉండరు. నేనూ పెట్టను, మాట వరసకు చెబుతున్నాను.

గుబులులో మనిషి చేసే మొదటి తప్పు తడి పత్తి అమ్మడం. పండుగ రోజుల్లో వాన తప్పదు. పగిలిన నాలుగు కాయలు తడిసి ఉంటాయి. బిడ్డకు చీర పెట్టాలని, అల్లుడు వస్తున్నాడని ఆ తడి పత్తినే గబగబా ఏరి సంచుల్లో తొక్కి ఎనుమాములకో, ఊళ్లోకి వచ్చిన బేరగాడికో ఇచ్చేస్తాం. పత్తిలో తేమ 8 శాతం దాకా ఉంటే సి.సి.ఐ. పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ఎక్కిన కొద్దీ ధర కోస్తుంది. 12 శాతం దాటితే కొననే కొనదు. 2025–26కు పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తడి పత్తికి బేరగాడు క్వింటాలుకు వెయ్యి తగ్గించాడనుకోండి, ఐదు క్వింటాళ్ల మీద ఐదు వేలు పోయినట్టే. అది ఇంటిల్లిపాదికీ పండుగ బట్టల కర్చు. నాలుగు రోజులు ఎండలో ఆరబోసుకుంటే మిగిలేది అది. తక్‌పట్టీ చేతికి వచ్చాక చూసుకుని బాధపడితే లాభమేముంది?

రెండో తప్పు, ఎంత మిత్తికి తెస్తున్నామో అడగకుండానే తెచ్చుకోవడం. పండుగ అప్పుకు మిత్తి అడగడం నామోషీ అనుకుంటాం. నూటికి మూడు రూపాయల మిత్తి మీద 20 వేలు తెస్తే నెలకు 600. దసరాకు తెచ్చి ఉగాది దాకా కట్టలేకపోతే ఆరు నెలలకు 3,600. ఆ లెక్క చదువురాని ముసలామె కూడా వేలి కణుపుల మీద చెప్పగలదు. కానీ పండుగ ముందు వారంలో ఆ ముసలామెను ఎవరూ అడగరు.

మరిచిపోరాని ఏడు

ఈ మాటలు ఊరికే భయపెట్టడానికి కాదు. 1997–98లో ఈ జిల్లా పేరు దేశమంతా వినిపించింది, మంచి మాట మీద కాదు. పత్తి మీద పురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. మందుల బాకీ, గింజల బాకీ, బోరు బాకీ ఒక్కసారి మీద పడ్డాయి. ఒక్కొక్క ఊరి నుంచీ కబురు వచ్చేది. రాష్ట్రంలో వందల మంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్న ఆ ఏడు, వరంగల్ జిల్లా వాళ్లే అందులో ఎక్కువ. నేనప్పుడు చిన్నవాణ్ణి. పెద్దవాళ్లు గుమ్మాల్లో కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకోవడం ఒక్కటే గుర్తు. పోయినవాళ్లు పండుగ కోసం పోలేదు, పంట పోయి, బాకీ పెరిగి పోయారు. కానీ ఎంత బాకీ ఉందో, ఎవరెవరికి ఇవ్వాలో చాలా ఇళ్లలో భార్యకు కూడా తెలియదు. మనిషి పోయాక బాకీదార్లు వాకిట్లోకి వచ్చి చెబితే తెలిసింది. ఈ సంగతి ఆనాటి ముచ్చట చెప్పే పెద్దలందరూ చెబుతారు.

తర్వాత వారం వారం కట్టే అప్పులు వచ్చాయి. ఆడవాళ్ల గుంపులకు ఇచ్చిన ఆ అప్పుల వసూళ్ల మీద గోల లేచి, 2010 అక్టోబరు నడుమ, సరిగ్గా ఆ ఏటి దసరా రోజుల్లోనే, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇవాళ కూడా గుంపు అప్పులు ఊరూరా ఉన్నాయి. వాయిదా రోజు బతుకమ్మ రోజుల్లో పడితే ఆడబిడ్డ మొహం చూడాలి. అందుకే ఒక సంగతి చెప్పవలసి ఉంది. చిన్న అప్పులకు రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలు 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నాయి. వాటి ప్రకారం వసూలు చేసేవాళ్లు ఉదయం 9 గంటలకు ముందు గాని, సాయంత్రం 6 దాటాక గాని ఫోను చేయరాదు. బెదిరించరాదు, తిట్టరాదు, చుట్టాల్నీ పక్కింటివాళ్లనూ వేధించరాదు. పైగా ఇంటి నెలసరి ఆదాయంలో సగానికి మించి అప్పుల కిస్తీలకే పోయేటట్టు అప్పు ఇవ్వరాదు. ఈ సంగతి తెలిసిన ఆమెతో వసూలుకు వచ్చిన పిల్లవాడు కూడా మర్యాదగా మాట్లాడతాడు. రాత్రిపూట ఫోను మోగితే ఉలిక్కిపడి లేచే ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి గనుక ఇంత రాశాను.

ఆరో రోజు ఎందుకు పెట్టారో

ఇక ఇల్లాలి సంగతి. బతుకమ్మ పూల పండుగ. చూసేవాళ్లకు పూలే కనబడతాయి. తెల్లవారకముందే లేచి ఎవరు పూలు తెస్తున్నారు, గునుగుకు రంగు ఎవరు అద్దుతున్నారు, సిబ్బిలో గుమ్మడాకు పరిచి వరసలు పేర్చి పేర్చి నడుము పట్టేసింది ఎవరికి, ఆ మధ్యలోనే కోడలిగా అత్తకు, తల్లిగా పిల్లలకు, వదినగా వచ్చిన ఆడబిడ్డకు వండి వడ్డించేది ఎవరు? అన్నిటికీ ఒకే జవాబు. సద్దుల నాడైతే నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, పులిహోర, మలీద ముద్దలు అన్నీ ఒక్క చేతి మీదనే. ఇన్నీ చేసి పొద్దు గుంకే వేళకు పట్టుచీర కట్టుకుని నవ్వుతూ చెరువు కట్ట మీదకు రావాలి. వచ్చాక గుండ్రంగా తిరుగుతూ పాడాలి. మన ఆడవాళ్లు ఇనుముతో చేసినవాళ్లు అని మగవాళ్లం మురిసిపోతాం. ఇనుము కూడా తుప్పు పడుతుంది.

మరి మన పెద్దలు ఈ బరువు ఎరగనివాళ్లా? బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్లు చూడండి. ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. వరసలో ఊరికో తేడా ఉన్నా ఆరో రోజు మాత్రం అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మను పేర్చరు, నైవేద్యం పెట్టరు. ఎప్పుడో ఒకసారి బతుకమ్మకు మాంసం ముద్ద తగిలిందట, అందుకని అలిగిందట అని కథ చెబుతారు. కథ ఏదైనా, ఐదు రోజులు వంచిన నడుముకు ఆరో రోజు సెలవు దొరికింది. తర్వాత మూడు రోజులు మళ్లీ పని, ఆఖర్న పెద్ద బతుకమ్మ. ఈ ఏర్పాటు చేసినవాళ్లకు ఆడవాళ్ల అలసట బాగా తెలుసుననే నా నమ్మకం. పంతుళ్లు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడా ఆరో రోజు ఏమైంది? పూలు పేర్చకపోతే ఇల్లు ఖాళీగా ఉంది కదా అని పట్నం నుంచి వచ్చిన చుట్టాలకు ఆ రోజే కోడి కోస్తున్నారు. లేదా హన్మకొండకు బట్టల బేరానికి పోతున్నారు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకపోవడం మంచిదే అయింది, కానీ దసరా ముందు ఆ బస్సులో నిలబడి పోయి వచ్చిన ఆమెను అడగండి, అది సెలవో శిక్షో చెబుతుంది. అలిగిన బతుకమ్మ రోజును మళ్లీ అలిగిన రోజుగానే ఉంచితే బాగుంటుంది. ఆ పూట పొయ్యి మగవాళ్లు వెలిగిస్తే చెయ్యేం విరగదు.

సెలవులకు ఇంటికి వచ్చే వాళ్లకూ ఒక బాధ ఉంటుంది. సూరత్‌లోనో భివండిలోనో మగ్గం నడిపే కొడుకు, హైదరాబాదులో డ్రైవరీ చేసే కొడుకు పండుగకు రావాలంటే చార్జీలు, అందరికీ ఏదో ఒకటి చేతిలో పెట్టాలన్న పట్టింపు. పట్నంలో బాగా సంపాదిస్తున్నాడని ఊరు అనుకుంటుంది, ఆ పేరు నిలబెట్టుకోవడానికి వాడు అప్పు చేసుకుని వస్తాడు. అప్పు చేసిన తండ్రి ఇంటికి అప్పు చేసిన కొడుకు వచ్చి, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా కల్లు తాగుతారు. మూడో సీసాకు పాత భూమి పంచాయితీ లేస్తుంది. పండుగ నాటి కొట్లాటలు చాలావరకు ఇట్లా మొదలైనవే.

ముందే చెప్పుకుంటే

మాన్పుకోవడం ఎట్లా? మందు కొట్లో దొరికేది కాదు. మొదట ఇంట్లో అంకె బయటపడాలి. పెత్రామాసకు వారం ముందు ఒక రాత్రి అన్నాలు తిన్నాక భార్యాభర్తలు, ఇంట్లో ముసలివాళ్లు, పదోతరగతి దాటిన పిల్లలుంటే వాళ్లు కూడా కూర్చోవాలి. చేతిలో ఇంత ఉంది, బాకీ ఇంత ఉంది, పండుగకు ఇంతకంటే పెట్టలేను అని ఇంటి పెద్ద నోటితో చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పడమే కష్టం. చెప్పాక మిగతాది అంత కష్టం కాదు. పిల్లలకు బట్టలు తేవాలి, పెద్దవాళ్లవి సంక్రాంతి దాకా ఆగవచ్చు. ఊళ్లో నలుగురు కలిసి ఒక యాటను కొని పోగులు వేసుకోవడం మనకు కొత్త కాదు, ఎవరికి ఎంత కావాలో అంతే తీసుకోవచ్చు. పొరుగింట్లో మేకను కోశారని మనమూ కోయనక్కరలేదు. తంగేడుకూ గునుగుకూ ఎవరూ బిల్లు వేయరు. దసరా నాడు చేతిలో పెట్టే బంగారం జమ్మి ఆకే.

బిడ్డకూ అల్లుడికీ ఎట్లా చెప్పడం అంటారా? బిడ్డకు ఫోను చేసి తల్లి చెప్పాలి. తండ్రి చెప్పలేడు, గొంతు పట్టుకుంటుంది. కొత్త అల్లుడి మొదటి దసరా అయితే చిక్కే, ఒప్పుకుంటాను. ఉంగరమూ బండీ మాట ముందే అనుకున్న ఇళ్లలో ఏ సలహా పని చేయదు. అయినా వియ్యపురాలికి ముందే కబురు పెడితే పండుగ పూట అలకలు తగ్గుతాయి. అత్తగారింటి పరిస్థితి తెలిసి కూడా అలిగే అల్లుడి సంగతి బతుకమ్మే చూసుకోవాలి.

ఏడాదిలో మనిషి పోయిన ఇల్లు మరో సంగతి. ఆ ఇంట్లో పండుగ చేసుకోరు. ఊరంతా ఆడుతుంటే తలుపు చేరేసుకుని కూర్చుంటారు. ఆ తలుపు దగ్గరకు పోయి ఒక పూట కూర్చుని, పోయిన మనిషి పేరెత్తి మాట్లాడి రావాలి. పేరెత్తితే ఏడుస్తారని వెనుకాడుతాం. ఏడవనివ్వండి.

ఇంత చేసినా కొందరికి గుబులు తగ్గదు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, ముద్ద దిగకపోవడం, చేనుకు పోవడం మానేయడం, ఎప్పుడూ లేంది సీసా పట్టుకోవడం, "నేను లేకుంటేనే మీకు మేలు" అని నోరు జారడం, ఇవి కోపమూ కాదు, సోమరితనమూ కాదు. జబ్బు. అట్లాంటి మాట వింటే నవ్వి తీసేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ అని వైద్యులు చెబుతున్నారు. ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లో దూలం మీద పెట్టుకునే అలవాటు మనకుంది, వాటిని ఆ రోజే తీసి వేరొకరింట్లో తాళం కింద పెట్టించండి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు ఇది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. దాని గుమ్మం తొక్కితే పిచ్చివాడంటారని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. చక్కెర జబ్బుకు పోయినట్టే దీనికీ పోవాలి. అన్నట్టు బి.పి., చక్కెర మాత్రలు వాడేవాళ్లు పండుగ తొమ్మిది రోజులూ మరిచిపోతున్నారు. దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కన పెట్టుకుంటే గుర్తుంటాయి.

పోయిన దసరాకు మా ఇంట్లో నేను చెప్పిందే చేసి చూశాం. పెత్రామాసకు ముందు ఒక రాత్రి అందరం గద్దె మీద కూర్చున్నాం. నాకు మాట రాలేదు. మా బాపే, వారం రోజులు మాట్లాడని ఆ బాపే, "ఎంత తక్కువ పడుతుందిరా?" అని అడిగాడు. ఎనిమిది వేలు అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, తన పింఛను పైసలు దాచుకున్న గుడ్డ సంచి తెప్పించాడు. అందులో మూడు వేల చిల్లర ఉంది. మా ఇంటామె తనకు చీర వద్దంది, పోయిన ఏటిది ఒక్కసారే కట్టానంది. అక్కకు ఫోను చేసి చెబితే, సద్దులకు నువ్వులూ బెల్లమూ తాను తెస్తానని, ఇంత చిన్న మాటకు అమ్మ ఎందుకు ఏడుస్తోందని కసిరింది. ఇంకా రెండు వేలు తక్కువే పడింది. అది ఉద్దెర పెట్టాను, మిత్తి అడిగే పెట్టాను.

అలిగిన బతుకమ్మ నాడు అన్నం నేను వండాను. మాడింది. మా ఇంటామె మధ్యాహ్నం పడుకుని దీపాలు పెట్టే వేళకు లేచింది. మర్నాడు తెల్లవారుజామున చూస్తే బాపు నా కొడుకును వెంటబెట్టుకుని గునుగు కోయడానికి గుట్ట వైపు పోతున్నాడు. ఆయన పూలకు పోవడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు.